రూటర్ మీద గుండ్రటి మచ్చ

ఇలా దగ్గరికి జరగండి. తలుపు దగ్గర కూర్చుంటే వాన చప్పుడుకి సగం మాటలు వినపడవు. ఇది కత్తులూ నెత్తురూ ఉన్న కేసు కాదు. ఉద్దానంలో ఒక ఇంట్లో ఇంటర్నెట్ మాటిమాటికీ చచ్చిపోతుంటే, దాన్ని చంపుతున్నదెవరో పట్టుకోవడానికి బిందుమాధవి వెళ్ళిన రోజు. నవ్వకండి. ఒక కోడలు ఆ ఇంట్లో ఉండిపోతుందా, హైదరాబాదు బండెక్కుతుందా అన్నది ఆ రోజు ఆ చిన్న పెట్టె తేల్చాలి.

బిందుమాధవి కాశీబుగ్గలో ఒక జీడిపప్పు కొట్టు మీద మేడగదిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి. గోదాములో బస్తాలు మాయమైనా, మంచి పప్పులో పుచ్చు పప్పు కలిసినా వ్యాపారులు ముందు ఆవిడ మెట్లే ఎక్కుతారు. నలభై దాటిన వయసు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఎవరింటికైనా చెప్పిన వేళకి కాకుండా ముందే వెళ్ళే అలవాటు. చెప్పి వెళితే ఇల్లు సర్దేస్తారు, సర్దిన ఇంట్లో నాకేం దొరుకుతుంది అంటుంది.

అక్కుపల్లి దారిలో తోటల మధ్య ఉన్న ఆ ఇంటికి, ఇంటి పెద్ద సూర్యారావు ఆవిడని రెండున్నరకి రమ్మన్నాడు. ఆవిడ ఒంటిగంటన్నరకే గేటు ముందు స్కూటీ దిగింది. మూడు రోజులుగా ముసురు. కొబ్బరి మట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

వాకిట్లోకి తొంగి చూసిన పెద్దావిడ, సూర్యారావు భార్య కామేశ్వరమ్మ, గతుక్కుమంది.

"ఓలమ్మ! రెండున్నరకన్నారు కదా ఈయన? కాళ్ళు కడుక్కోండమ్మా, ఇదిగో సెంబు. అరుగు మీద కూకోండి, ఇప్పుడే వత్తాను" అంటూ లోపలికి గబగబా వెళ్ళిపోయింది.

బిందుమాధవి కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ చెవులు లోపల పెట్టింది. స్టీలు పళ్ళెం దేనికో తగిలిన చప్పుడు. గింజలు గలగలా జారిన చప్పుడు. డబ్బా మూత నొక్కిన చప్పుడు. ఆ వెంటనే మేడ మీద నుంచి ఒక ఆడపిల్ల కేక.

"అత్తా! వచ్చీసింది! నెట్ వచ్చీసింది!"

బిందుమాధవి అప్పటికి రెండో కాలు కూడా కడుక్కోలేదు.

కేసు ఏమిటో హాల్లో కూర్చోబెట్టి సూర్యారావు చెప్పాడు. ఒకప్పుడు ఊరికి సర్పంచి. క్రితంసారి ఓడిపోయాడు, ఓడించింది ఎదురింటి గున్నయ్య. ఆ రోజు నుంచి ఈ గేటు వాళ్ళు ఆ గేటు వైపు చూడరు.

"ఇది గున్నయ్య పనేనమ్మా. నన్ను ఓడించినాడు, సాల్లేదు. ఇప్పుడు నా కోడలు ఉద్దోగం మీద పడ్డాడు. ఆడి కొడుకు నిరంజన్ కంప్యూటర్లు తెలిసినోడు. మా నెట్ ఆడే లాగేత్తన్నాడు."

కోడలు ఇందు టెక్కలి పిల్ల. హైదరాబాదులో ఒక కంపెనీకి ఇక్కడి నుంచే పని చేస్తుంది. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపిన మాటలు విని టైపు చేసి తిరిగి పంపాలి. భర్త ప్రదీప్‌కి మూలపేట పోర్టులో ఉద్యోగం. ఇద్దరూ ఇంట్లోనే ఉండి బతికే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది? కాని వానలు మొదలైనప్పటి నుంచి ఇందు పని సగంలో ఆగిపోతోంది. కంపెనీ వాళ్ళు విసిగిపోయారు. ఈ రోజు మూడు నుంచి నాలుగు దాకా ఆఖరి పరీక్ష. గంటసేపు లైను తెగకూడదు. తెగిందా, సోమవారం నుంచి హైదరాబాదు ఆఫీసుకొచ్చి కూర్చోవాలి.

"ఎప్పుడెప్పుడు పోతుందమ్మా?" అడిగింది బిందుమాధవి.

ఇందు కళ్ళ కింద నలుపు పేరుకుంది. "ముసురు రోజుల్లోనండి. ఎండ కాసిందంటే సాయంత్రం వరకూ నేను కిందకే రాను, అంత బాగుంటాది. మబ్బేస్తే సాలు, ముందు నెమ్మదిస్తాది, తరవాత తిరుగుతా ఉంటాది, ఆనక పూర్తిగా పోతాది."

"రాత్రిళ్ళు?"

"రాత్రి ఏ గొడవా లేదండి."

"పోయాక మళ్ళీ ఎలా వస్తుంది? ఎవరు బాగుచేస్తారు?"

ఇందు అలసటలోనే నవ్వింది. "మా అత్త సెయ్యి మంచిదండి. మేడ మీంచి 'అత్తా, పెట్టి లైటు ఏ రంగుంది?' అని కేకేస్తాను. అత్త వెళ్ళి సూస్తాది. 'పచ్చగానే ఉన్నాది తల్లీ' అంటాది. కాసేపటికల్లా వచ్చేస్తాది."

కామేశ్వరమ్మ మొహం వెలిగిపోయింది. "నానేటి సేత్తానమ్మా, దండం పెట్టుకుని సూత్తాను, అంతే."

బిందుమాధవి ఆ మాటని పక్కన పెట్టుకుంది. లేచి పెట్టె దగ్గరికి వెళ్ళింది.

టీవీ పక్కన గోడ గూట్లో ఉంది రూటర్. సరిగ్గా దాని నెత్తి మీదే, మేడ మీద ఇందు గది. పెట్టెకి రెండు చెవులు, అంటే నిలబడాల్సిన రెండు కొమ్ములు, అవి నిలబడి లేవు. నిద్రపోతున్న కుక్క చెవుల్లా వెనక్కి పడుకుని ఉన్నాయి. పెట్టె అంచుల చుట్టూ సన్నటి దుమ్ము. నడిమధ్యన మాత్రం దుమ్ము లేదు. కంచం అడుగంత గుండ్రటి మచ్చ, ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

అరచెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. వేడి. మామూలు వెచ్చదనం కాదు, దుప్పటి కప్పి పడుకోబెట్టిన జ్వరం మనిషి నుదురు.

గాలి ఆడే సందుల్లోకి వంగి చూసింది. ఒక సందులో ఏదో ఇరుక్కుని ఉంది. జుట్టులోంచి పిన్ను తీసి మెల్లిగా లాగింది. ఎర్రటి మట్టి రంగులో, సిగరెట్టు కాగితం కన్నా పల్చటి పొర. వేళ్ళ మధ్య నలిపితే పొడైపోయింది. పలాసలో పెరిగిన మనిషికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా పైకి ఒక్క మాటా అనలేదు. రుమాల్లో చుట్టి దాచింది.

"టీ తాగండమ్మా" అని కామేశ్వరమ్మ గ్లాసుతో పాటు చిన్న గిన్నెలో జీడిపప్పు తెచ్చిపెట్టింది. బిందుమాధవి ఒక పప్పు కొరికింది. కరుక్కుమంది. ఇంకొకటి కొరికింది. అదీ కరుక్కుమంది. పొద్దున్నే తన ఆఫీసు కింద కొట్లో షావుకారు రుచి చూడమని ఇచ్చిన పప్పు ఈ ముసురుకి తోలులా సాగింది. ఆవిడ గిన్నె వైపు చూసింది, గూటి వైపు చూసింది, టీ గుక్క మింగింది.

అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడు. నెట్ కంపెనీ కుర్రాడు అవినాష్. తడిసిన చొక్కా, భుజాన పనిముట్ల సంచీ, మొహం నిండా చిరాకు.

"సూర్యారావుగారూ, బయల్దేరండి. పోలీసు స్టేషన్‌లో నేను మాట్లాడి పెట్టినాను." అంతలో బిందుమాధవిని చూశాడు. "ఈవిడేనా డిటెక్టివ్? మేడమ్, ఇది పప్పు దొంగతనం కాదు. టెక్నికల్ మేటర్."

"అలగా? అయితే మీరే సెప్పండి. దొంగెవరు?"

"బయట కేబుల్ మార్చినాను. జాయింట్లు మార్చినాను. పెట్టి కూడా కొత్తదే ఎట్టినాను. లైన్లో తప్పు లేదు. నేనొచ్చి సూసినప్పుడల్లా నెట్ పరిగెడతాది, వెళ్ళిపోయాక సస్తాది. అంటే ఏటి? ఎవడో నన్ను కనిపెట్టి సూస్తన్నాడు." ఫోను తీసి చూపించాడు. "పెట్టిలో కలిసిన ఫోన్లివి. ఇదిగో, నిరంజన్. ఈ ఇంట్లో ఆ పేరు గలోడు ఉన్నాడా?"

సూర్యారావు తొడ చరిచాడు. "సెప్పానా నేను!"

"మీరు వచ్చేముందు ఇంటికి ఫోను చేస్తారా?" అడిగింది బిందుమాధవి.

"చెయ్యకుండా ఎలగొత్తాను? కస్టమర్ ఇంట్లో ఉన్నారో లేదో తెలియొద్దా?"

"ఫోను ఎవరెత్తుతారు?"

"అమ్మగారు."

"అలగైతే మీరొస్తున్నట్టు నిరంజన్‌కి ఎలా తెలుస్తుంది?"

అవినాష్ చిర్రెత్తి అన్నాడు. "మేడమ్, ఈ ఒక్క ఇంటి కంప్లయింట్లకి మా మేనేజరు నన్ను నిలబెట్టి కడిగేస్తన్నాడు. మీరు మాటలు అడుగుతా కూకోండి, నేను దొంగని పట్టుకెళ్తాను. అడుగో, గేటు దగ్గిరే ఉన్నాడు!"

ఎదురింటి గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిజంగానే ఒక కుర్రాడు నిలబడి ఇటే చూస్తున్నాడు. బిందుమాధవి తలమీద చెంగు కప్పుకుని వాకిట్లోకి నడిచింది. అవినాష్ వెనకాలే వచ్చాడు.

"నిరంజన్ బాబూ, ఆ ఇంటి నెట్ నీ ఫోనులో ఎందుకుంది?"

కుర్రాడి మొహం పాలిపోయింది. "ప్రదీప్ బావే ఎక్కించినాడండి, ఓట్ల గొడవకి ముందు. గొడవ పెద్దోళ్ళదండి, మేమిద్దరం మూలపేటలోనే సేత్తన్నాం. సాయంత్రం బావని బండి మీద దింపుతాను కదా, గేటు కాడ ఫోను దానికదే పట్టుకుంటాది. పగలు నేను పోర్టులో ఉంటానండి. ఈవేళ వానకి మా పని ఆపీసినారు గాబట్టి ఉన్నాను, బావది ఆఫీసు పని, ఆగదు."

"పగలు మూలపేటలో ఉన్న మనిషి ఇక్కడి వైఫై ఎలా లాగుతాడు, అవినాష్‌గారూ?"

"లాగలేడు" ఒప్పుకున్నాడు అవినాష్, ఇష్టం లేకుండానే. "ఈ గోడ దాటితేనే అందదు."

నిరంజన్ గొంతు తగ్గించాడు. "ఇందక్క ఎళ్ళిపోద్దంట, నిజమేనా అండి? మా అమ్మ అడగమన్నాది. మా నాన్న సూత్తే కోప్పడతాడు గానీ."

బిందుమాధవి అతని భుజం తట్టింది. తిరిగి లోపలికొచ్చేసరికి గోడ గడియారంలో మూడుకి ఇంకా పావుగంట ఉంది. ఇందు మెట్ల మీద నిలబడి వేళ్ళు విరుచుకుంటోంది.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆవిడకి అంతా తెలిసిపోయింది. వేలెత్తి చూపిస్తే చాలు. కాని చూపించే తీరులో ఉంటుంది కదా మనిషి గుణం. బిందుమాధవి వేలెత్తలేదు. కామేశ్వరమ్మ పక్కన చాప మీద కూర్చుని, గిన్నెలో ఆఖరి పప్పు తీసుకుంది.

"పెద్దమ్మా, ఒక సంగతి సెప్పండి. పలాసంతా పప్పు మెత్తబడి ఏడుస్తోంది. మీ పప్పు ఇంత కరకరలాడుతోందేటి? పొట్టు కూడా గీటు పడకుండా తీశారు. ఎలాగ?"

కామేశ్వరమ్మ పొంగిపోయింది. ఎన్నాళ్ళకి ఒకరు అడిగారు ఆ మాట!

"నెమ్ముకి మెత్తబడిపోద్దమ్మా, పొట్టు అంటుకుపోద్ది. పొయ్యి మీద ఎడితే మాడిపోద్ది, ఎండా సూత్తే లేదు. ఈ పెట్టి ఉన్నాది సూడు" గూటి వైపు చెయ్యి చాపింది, "పొదిగే కోడి కడుపు కింద లాగ ఉంటాది. మంట లేదు, పొగ లేదు. కొమ్ములు రెండూ పడుకోబెట్టి, పళ్ళెంలో పప్పోసి పైన ఎట్టీడమే. పూటకల్లా పొట్టు దానికదే ఊడొచ్చీద్ది, ఒక్కటీ బద్దవ్వదు."

అవినాష్ గూటి దగ్గరికి వెళ్ళాడు.

"మరి నేను వచ్చినప్పుడల్లా?" అవినాష్ గొంతు కీచుమంది.

"నువ్వే కదా బాబూ, మొదటి రోజు పెట్టిని ఎవరూ ముట్టొద్దని కసిరినావు. నువ్వొత్తన్నావంటే తీసీత్తాను. కోడలు లైటు సూడమన్నా తీసే సూత్తాను, పళ్ళెం ఉంటే లైట్లు కనిపించవు కదా. సల్లబడినాక మళ్ళీ ఎడతాను. పొద్దూకి ఈయన తోట నుంచి వచ్చీలోగా పప్పు డబ్బాలోకెత్తీత్తాను." ఒక్కొక్క మొహం చూస్తూ చూస్తూ ఆవిడ మాట నెమ్మదించింది. "ఏటి? నానేటన్నాను?"

అవినాష్ తల పట్టుకున్నాడు. "అమ్మగారూ, గాలి సందులు మూసేస్తే అది ఉడికిపోద్ది, ఉడికి ఆగిపోద్ది. అడ్డంగా స్టీలు పళ్ళెం. సిగ్నల్ పైకెలా వెళ్తాది? కోడలి గది పైనే కదా!"

సూర్యారావు లేచాడు. మెడ నరాలు పొంగాయి. "నీ పప్పు తగలెయ్యా! ఊరంతా నా కోడలి కూడు తీసీసినారని నేను..."

"కూర్చోండి" అంది బిందుమాధవి, గట్టిగా కాదు. "ఇప్పుడే ఒక పిల్లాణ్ణి స్టేషన్‌కి పంపబోయారు. ఒక్క పూటకి ఒక్క తొందరపాటు చాలు. అవినాష్‌గారూ, పెట్టెని మెట్ల మలుపులోకి ఎత్తగలరా? పావుగంట కూడా లేదు."

ఆ కుర్రాడు పెట్టిన పరుగు చెప్పుకోవాలి. చిరాకు ఎటు పోయిందో, కేబుల్ లాగి, మెట్ల మలుపులో మేకు కొట్టి, పెట్టె వేలాడదీసి, కొమ్ములు రెండూ నిలబెట్టాడు. మూడవుతుండగా మేడ మీద తలుపు మూసుకుంది.

గంట గడిచింది. ఎవరూ ఫోను ముట్టుకోలేదు, టీవీ పెట్టలేదు. కామేశ్వరమ్మ మెట్లలో అడుగు మెట్టు మీద కూర్చుని పచ్చ లైటుని కళ్ళార్పకుండా చూసింది, రెప్ప వేస్తే ఆరిపోతుందేమో అన్నట్టు.

ఆ నిశ్శబ్దంలోనే బిందుమాధవి మెల్లిగా అడిగింది. "ఇంత పప్పు ఎవరికి పెద్దమ్మా? ఈ ఇంట్లో ఉన్నది నలుగురు."

పెద్దావిడ లేచి గదిలోకి తీసుకెళ్ళి మంచం కింది నుంచి సంచీ లాగి పైన పెట్టి తెరిచింది. సంచీలో జీడిపప్పు డబ్బాలు, కొబ్బరి లౌజు, ఎండబెట్టిన పనస తొనలు, ఒక కొత్త దుప్పటి.

"మొదట్లో ఇంట్లోకే ఎండబెట్టినానమ్మా. తరవాత హైదరాబాదు మాట వచ్చినాది. పోద్దేమోనని భయమేసినాది. ఉత్త సేతుల్తో ఎలగంపుతాను? అక్కడ ఈ పప్పు దొరుకుతాదా? నెట్ పోయిందన్న ప్రతిసారీ ఇంకో పళ్ళెం ఎట్టీదాన్ని." ఆవిడ డబ్బా మూత నొక్కింది, అప్పటికే గట్టిగా ఉన్న మూతని. "నా సేతుల్తో నేనే పంపించీత్తన్నాను కదమ్మా."

బిందుమాధవి దొంగల్ని చాలామందిని చూసింది. తన నేరానికి తనే ఇలా కుంగిపోయిన దొంగని చూడలేదు. ఆ చేతి మీద చెయ్యి వేసింది.

నాలుగింటికి మేడ తలుపు తెరుచుకుంది. ఇందు మెట్లు దిగింది. నవ్వుతోంది, ఏడుస్తోంది.

"ఒక్కసారీ తెగలేదు! పాసయినాను!"

సూర్యారావు రెండు చేతులూ ఎత్తాడు. అవినాష్ ఈల వేశాడు. కాని గదిలో మంచం మీద తెరిచి ఉన్న సంచీని చూసి ఇందు నవ్వు ఆగిపోయింది.

"అత్తా, ఆ సంచీ నేను ముందే సూసినాను. రెండు రోజులయ్యింది."

"సూసినావా?"

"నన్ను పంపించీడానికి సర్దేస్తన్నావు అనుకున్నాను. మీకు నేను బరువైపోనాను, నోరిప్పి అనలేక సర్దుతున్నారు అనుకున్నాను." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అందుకే పొద్దున్న కంపెనీకి రాసీసినాను. పరీక్ష ఎలా అయినా సరే, సోమవారం హైదరాబాదు వచ్చీస్తానని."

అత్త ప్రేమతో సర్దింది. కోడలు అదే సంచీ చూసి మనసు విరిగింది. ఒకరినొకరు ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

"వెనక్కి తీసుకోవచ్చా?" బిందుమాధవి గొంతులో పదును వచ్చింది.

"అయిదు లోపల రాస్తే ఆపుతారు. అయిదు దాటితే నా సీటు ఇక్కడ తీసీసి అక్కడ ఎక్కించీస్తారు."

"అలగైతే రాయమ్మా, నిలబడతావేటి!"

ఇందు మెట్లెక్కబోయింది. సరిగ్గా అప్పుడే ఫ్యాను నెమ్మదించింది. పచ్చ లైటు ఒకసారి మినుకుమని ఆరిపోయింది. కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ టెక్కలిలో బాగుచేతకి పడి ఉంది. ఇందు ఫోను తీసింది. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. అవినాష్ తన ఫోను కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు.

"టవరు కూడా పోయింది. లైను మాత్రం బాగుంది, పెట్టికి కరెంటే లేదు. ఈ వీధిలో ఇన్వర్టరు మీద నెట్ నడిచే ఇల్లు ఒక్కటే ఉన్నాది." ఆ ఇల్లెవరిదో అతను చెప్పలేదు. అక్కర్లేకపోయింది.

అందరి చూపులూ సూర్యారావు వైపు తిరిగాయి. ఆయన కిటికీలోంచి ఎదురింటి గేటు వైపు చూశాడు. అక్కడ దీపం వెలుగుతోంది. ఓడిపోయిన రోజు నుంచి ఆ గేటు మీద చెయ్యి వెయ్యని మనిషి. ఇందాకే ఆ ఇంటి పిల్లాణ్ణి పోలీసులకి అప్పగించబోయిన మనిషి.

"నేనెళ్ళి అడుగుతాను మావయ్యా" అంది ఇందు.

"నువ్వుండు." ఆయన కండువా నెత్తిన వేసుకున్నాడు. "అడగాల్సినోణ్ణి నేను. కంప్యూటరు పట్టుకుని నా ఎనకాల రా తల్లీ, తడవనీకు."

గొడుగు కూడా తీసుకోలేదు. కోడలు లాప్‌టాప్ కొంగు కింద దాచుకుని వెంట నడిచింది. బిందుమాధవి గుమ్మంలో నిలబడి గడియారం వైపు చూడకుండా ఆ గేటు వైపే చూసింది. సూర్యారావు గేటు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వానలో ఆయన గొంతు, ఓట్లకి తప్ప ఎన్నడూ అంత గట్టిగా ఎత్తని గొంతు, వీధంతా వినపడింది.

"గున్నయ్య బావా! ఓ పాలి తలుపు తియ్యి. నీతో పనుండాది."

లోపల గడియ కదిలిన చప్పుడయింది. అయిదు కొట్టకముందే ఇందు రాసిన మాట గున్నయ్య ఇంటి నెట్ మీద కంపెనీకి చేరింది.

ఈ కథ మీ పిల్లలకి చెప్పండి. పళ్ళెం సంగతి చెప్పి నవ్వించండి, పర్వాలేదు. కాని కామేశ్వరమ్మని దొంగ అనొద్దు. సూర్యారావు గొడుగు లేకుండా ఆ గేటు దాకా నడిచిన నాలుగడుగులూ మరిచిపోకుండా చెప్పండి.